రైస్ కుక్కర్‌లో పాస్‌పోర్టులు

ఆగస్టు 5

ఇవాళ్టి నుంచి కాగితం మీదే రాస్తాను. కాగితంలోకి ఎవరూ దూరలేరు.

పొద్దున కార్మిక శాఖలో రాజీ సమావేశం. బల్లకి అటు ఓడలకి కూలీల్ని తెచ్చే బ్రోకరు తరఫు మేనేజరు హో. ఇటు నేను, మా దుబాసీ ఎండా. మాట్లాడాల్సింది జీతాల కోత గురించి, అదే మాట్లాడాం. పాస్‌పోర్టుల ఊసు మేమింకా ఎక్కడా ఎత్తలేదు. అంతా అయ్యాక హో లేచి, నా టీ కప్పు పక్కన తన కార్డు పెట్టాడు.

"మా ఓడల్లో రైస్ కుక్కర్‌లో అన్నమే ఉంటుంది లాయ్ అక్కా. ఇంకేదో ఉంటుందని ఎవరు చెప్పినా నమ్మకండి" అన్నాడు. నవ్వితే పళ్ళ మీద వక్క ఎరుపు.

కార్డు అక్కడే వదిలేసి వచ్చాను.

కెప్టెన్ తన కూలీల పాస్‌పోర్టులన్నీ పాడైపోయిన రైస్ కుక్కర్‌లో దాస్తాడని మాకు చెప్పినవాడు కస్మాది. మార్చిలో చెప్పాడు, చియెన్‌జెన్ రేవు పక్కన నూడుల్స్ కొట్టు వెనక గదిలో. ఎండా తర్జుమా చేసింది, నేను టైపు చేశాను. ఆ వాంగ్మూలం మా సంఘం ఆఫీసు సర్వర్లో తప్ప భూమ్మీద ఇంకెక్కడా లేదు. దాని మీద పేరు లేదు, సాక్షి అని మాత్రమే ఉంది. పేర్లు వేరే ఫోల్డర్లో ఉన్నాయి. వేరే ఫోల్డరే గానీ అదే సర్వరు.

కస్మాది ఇప్పుడు ఆ ఓడ మీదే ఉన్నాడు. నెలాఖరుకి గానీ ఓడ రేవుకి రాదు. నడిసముద్రంలో మనిషి పోతే కెప్టెన్ రిపోర్టులో రాసేది ఒక్క ముక్క: కాలు జారాడు.

ఆగస్టు 6

రైస్ కుక్కర్ సంగతి తెలిసినవాళ్ళం నేను, ఎండా, చువాంగ్ అన్న. అంతే.

చువాంగ్ అన్నా నేనూ కలిసి ఈ సంఘం పెట్టాం. ఓడ ఇంజిన్ గదిలో సగం వినికిడి పోగొట్టుకున్న మనిషి, ఆయన్ని అనుమానిస్తే నన్ను నేను అనుమానించుకున్నట్టే. ఎండా జావా నుంచి కోడలిగా ఈ ఊరొచ్చి, ఇక్కడి వాళ్ళకంటే బాగా ఇక్కడి తిట్లు నేర్చుకున్న మనిషి. నాకు ఎండా మీద అనుమానం లేదు.

మరి హోకి ఎలా తెలిసింది? చువాంగ్ అన్న ఒక్కటే మాట అన్నాడు: "సర్వర్లోకి ఎవరో వచ్చారు."

వచ్చేవాళ్ళకి అడ్డేముంది? మా ఆఫీసులో అందరికీ ఒకటే పాస్‌వర్డు. మా మొదటి సమ్మె తారీఖు. అది నేను పెట్టిన పద్ధతే. మనలో మనకి దాపరికాలు ఉండకూడదు, ఒక సంఘానికి ఒకే తాళం ఉండాలి అని ప్రతి ఏడూ సర్వసభ్య సమావేశంలో చెప్తాను, అందరూ చప్పట్లు కొడతారు. ఆ మాటలో ఇప్పటికీ నాకు తప్పేమీ కనబడదు. తాళం పగలగొట్టినవాడిది తప్పు గానీ ఉమ్మడిగా బతికేవాళ్ళది తప్పెలా అవుతుంది?

పగలగొట్టాల్సిన అవసరమే వాడికి రాలేదని చువాంగ్ అన్న గొణిగాడు. ఆ తారీఖు మా ఆఫీసు గుమ్మం మీద పెద్దక్షరాలతో చెక్కి ఉంది.

ఆగస్టు 7

యూన్‌టింగ్ వచ్చింది. మాలాంటి సంఘాలకి వారాంతాల్లో ఉచితంగా సాయం చేసే సెక్యూరిటీ మనిషి. మిగతా రోజుల్లో ఏదో బ్యాంకుకి కాపలా. ముప్పై రెండేళ్ళుంటాయి, మాట మెత్తన, మొహం మీద ఏమీ కనబడదు. సెలవు పెట్టి మరీ వచ్చింది. అయినా మొదటి అరగంటలోనే దెబ్బలాడాను.

ఈ రంగం వాళ్ళకి ఒక పాట ఉంది, నేను పేపర్లో రెండుసార్లు దుమ్మెత్తి పోశాను. గొలుసులో బలహీనమైన లంకె మనిషేనట. కోట్లు మింగే కంపెనీ తన గోడ కట్టుకోదు, పరికరాలు మార్చదు, మనుషుల్ని సగానికి తగ్గించి మిగిలినవాళ్ళతో రెట్టింపు చాకిరీ చేయిస్తుంది, ఆ అలసటలో ఒక గుమాస్తా ఒక తప్పుడు లింకు నొక్కితే నేరమంతా ఆ వేలిదే. యజమానుల తెలివి ఇంతకంటే నగ్నంగా ఎక్కడా దొరకదు.

"నాదీ అదే మాట అక్కా" అంది యూన్‌టింగ్. "ఒక వేలు తప్పు నొక్కితే మునిగిపోయే ఓడని కట్టినవాడిది తప్పు. మీ ఓడ మీరే కట్టారు. గదులు లేవు. ఒక చోట నీళ్ళొస్తే అంతా నీళ్ళే."

"అయితే ఎవరినీ నమ్మొద్దంటావు. అది మీ కంపెనీల మతం. మేం నమ్మకం మీద పుట్టినవాళ్ళం."

"చువాంగ్ అన్నని నమ్మండి. ఆయన పేరు చెప్పుకుని లోపలికొచ్చే ప్రతిదాన్నీ నువ్వు ఆయనవేనా అని అడగండి. ఆయనకి కోపం రాదు."

"వస్తుంది" అన్నాడు చువాంగ్ అన్న.

అప్పుడు మాత్రం నవ్వింది. తర్వాత పని చేసుకుంటూ చెప్పుకుపోయింది. మనిషికో తాళం. పాస్‌వర్డుతో పాటు చేతిలో పట్టుకునే చిన్న తాళంచెవి కూడా ఉండాలి, అది లేనిదే తలుపు తెరుచుకోకూడదు. ఎవరి పనికి కావలసింది వాళ్ళకే కనబడాలి. నీకే పని లేని కాగితం నీకు కనబడకపోవడం నీకే రక్ష, ఎందుకంటే నిన్ను పట్టుకుని కొట్టినా నువ్వు చెప్పలేవు. సాక్షుల పేర్లు అసలు తీగకి తగిలించిన యంత్రంలోనే ఉండకూడదు. ఎవరు ఎప్పుడొచ్చి ఏం తెరిచారో యంత్రం జాడ రాసుకుంటుంది, ఆ జాడల్ని నెలల తరబడి దాచాలి.

మా యంత్రం దాచేది వారం జాడలు. పాతవి చెరిపేసుకుంటుంది. ఎందుకు పెంచలేదని అడిగింది.

"దాని జోలికి ఎవరం పోం" అన్నాడు చువాంగ్ అన్న, వంటింటి పక్క అర వైపు చూపిస్తూ.

అక్కడ సర్వరు, దాని మీద మొక్కజొన్న చిరుతిండి పచ్చ పాకెట్. ఈ దీవిలో ఆ పాకెట్ లేని యంత్రం లేదు, ఆస్పత్రుల్లోనూ రైలు స్టేషన్లలోనూ కూడా. యంత్రం బుద్ధిగా ఉండాలని. పచ్చదే కావాలి, విప్పకూడదు, గడువు దాటకూడదు, కదపకూడదు. మూఢనమ్మకాల మీద నేను రాసిన వ్యాసాలు ఒక పుస్తకమంత ఉంటాయి. దాన్ని మాత్రం నేనూ ఎప్పుడూ ముట్టుకోలేదు.

యూన్‌టింగ్ మీటలన్నీ చూసింది, తీగలన్నీ చూసింది, పాకెట్‌ని మాత్రం కదపకుండా చుట్టూ చూసింది. "గడువు చూసుకుంటూ ఉన్నారు, మంచిదే" అని దానికి చిన్నగా తల వంచింది. బ్యాంకు సెక్యూరిటీ.

పోతూ మెట్ల మీద చెప్పింది: "ఎవరో ఉన్నారు. బయట నుంచి వస్తున్న జాడ లేదు. అదే నాకు నచ్చడం లేదు. దేన్నీ మార్చకండి, వాళ్ళకి మనం మేలుకున్నామని తెలియకూడదు."

పేర్ల ఫోల్డరు తెరిచారా అని అడిగాను. వారానికి ముందు సంగతి ఆ యంత్రానికే గుర్తు లేదంది.

ఆగస్టు 8

రాత్రి మూడుసార్లు లేచి తలుపు గడియ చూసుకున్నాను. వయసు.

ఆగస్టు 9

కస్మాదికి చెప్పాలా వద్దా.

ఓడలో ఇంటర్నెట్ ఉంది, కెప్టెన్ దయతలచినప్పుడు. ఫోన్లన్నీ ఆయన డబ్బాలో ఉంటాయి, ఇచ్చేముందు చదువుతాడు. జాగ్రత్తగా ఉండమని ఒక్క ముక్క పంపామంటే సాక్షి ఎవరో మేమే వేలెత్తి చూపించినట్టు. పంపకపోతే ఆ మనిషి తెల్లారుజామున డెక్కు అంచున వంగి తాడు లాగుతుంటాడు, వెనక ఎవరు నిలబడ్డారో చూసుకోకుండా.

పంపలేదు. ఇది సరైన నిర్ణయమని ముగ్గురం అన్నాం. ఎవరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

ఆ ఓడలో ఇండోనేషియా వాళ్ళు పద్దెనిమిది మంది. హోకి ఓడ తెలుసు. మనిషి తెలుసా?

ఆగస్టు 12

పేపరుకి వ్యాసం రాయాలి. నమ్మకం గురించి మొదలుపెట్టాను. బాగానే వస్తోంది. కార్మికుల సంఘాన్ని పగలగొట్టడానికి లాఠీ అక్కర్లేదు, మీలో ఒకడు అమ్ముడుపోయాడు అన్న గుసగుస చాలు అని రాశాను. చాలా నిజమైన వాక్యం.

ఎండా కొత్త ఫోను కొంది. మొన్న మొన్ననే. మొగుడి మేనమామ కొడుకు బ్రోకర్ల వీధిలో పని చేస్తాడని ఎప్పుడో తనే చెప్పింది. ఇవి ఊరికే రాస్తున్నాను, గుర్తుకి. నాకు ఎండా మీద అనుమానం లేదు.

మధ్యాహ్నం చేపల గంజి తింటూ మాటల్లో అడిగాను, మార్చిలో ఆ వాంగ్మూలం రాసిన సాయంత్రం నువ్వు నేరుగా ఇంటికే వెళ్ళావు కదా అని.

ఎండా చెంచా కింద పెట్టింది. "నేరుగానే వెళ్ళానక్కా. దారిలో పాపకి చెప్పులు కొన్నాను. చెప్పుల కొట్టువాణ్ణి పిలిపించనా?"

"అబ్బే, ఊరికే."

"ఊరికే అయితే ఊరికే. కస్మాది మా జిల్లావాడు, మీకు తెలుసు కదా. వాళ్ళమ్మ ప్రతి శుక్రవారం నాకు ఫోన్ చేస్తుంది, కొడుకు గొంతు ఎలా ఉంది అని. మీకు చెయ్యదు."

గంజి పూర్తిగా తిని, గిన్నె తనే కడిగి పెట్టి వెళ్ళింది.

వ్యాసం చింపేశాను.

ఆగస్టు 13

ఎండా నాతో పని మాటలే మాట్లాడుతోంది.

ఆగస్టు 16

చాంద్రమానంలో ఏడో నెల పితరుల పూజ. ప్రతి ఆఫీసు ముందూ బల్లలు, కాగితం డబ్బు కాల్చే ఇనప డబ్బాలు. మాది నాస్తిక సంఘం అని చెప్పి చెప్పి విసిగిపోయాను, చువాంగ్ అన్న ఏటా బల్ల వేస్తాడు. సముద్రంలో పోయినవాళ్ళకి శవపేటిక కూడా లేదు, ఏడాదికి ఓ గ్లాసు సారా పోస్తే నీ సిద్ధాంతం అరిగిపోతుందా అంటాడు.

యూన్‌టింగ్ కూడా వచ్చి ఉంది. బల్ల మీద పళ్ళు, బిస్కెట్లు, నూడుల్స్ పాకెట్లు సర్దుతుంటే ఒక మూల ఖాళీగా కనబడింది. ఎండా లోపలికి వెళ్ళి, సర్వరు మీది పచ్చ పాకెట్ చేతిలో పట్టుకుని బయటికొచ్చింది.

"అయ్యో, అది ముట్టకూడదు" అన్నాం ముగ్గురం ఒక్కసారే. నేను కూడా అన్నాను.

ఎండా నిలబడిపోయింది. "ఇది తిండే కదా. అందరూ నన్నే చూస్తారేంటి? ఈ వారమంతా చూస్తూనే ఉన్నారు."

"పెట్టెయ్ తల్లీ, యంత్రం అలుగుతుంది" అని చువాంగ్ అన్న దాన్ని తీసుకుని అర దగ్గరికి పరిగెత్తాడు. వెంటనే ఆయన అడుగుల చప్పుడు ఆగిపోయింది.

ఇన్నాళ్ళూ పాకెట్ కప్పి ఉంచిన చోట, గోడ వైపున, అగ్గిపెట్టెంత నల్ల డబ్బా. సన్నటి తీగతో మా తీగల్లోకి కలిసి ఉంది. చిన్న దీపం ఆరుతూ వెలుగుతూ.

యూన్‌టింగ్ నోటి మీద వేలు పెట్టింది. అందరినీ మెట్ల మీదికి నడిపించింది. ఆమె మొహంలో ఏదైనా కనబడడం నేను చూసింది అదే మొదటిసారి.

"నేనూ ముట్టలేదు" అంది. "బ్యాంకులో అయినా ముట్టను. పెట్టినవాడికి అది తెలుసు. ఇంకెక్కడ పెట్టినా, ఇనప పెట్టె వెనక పెట్టినా, మొదటి రోజే పట్టుకునేదాన్ని."

పాకెట్ మీద గడువు వచ్చే ఏడాది వరకూ ఉంది. ఎవరు మార్చారు? ఎండా మార్చిందని చువాంగ్ అన్న అనుకున్నాడు. చువాంగ్ అన్న మార్చాడని ఎండా అనుకుంది. నేను అసలు చూడలేదు. జూన్‌లో ఏసీ నీళ్ళు కారితే మరమ్మతుకి ఒకతను వచ్చాడు, చాలా మర్యాదస్తుడు, నేనే టీ ఇచ్చాను. అతన్ని ఎవరు పిలిచారు? అదీ ఎవరో ఒకరు పిలిచారనుకున్నాం.

అంటే మనిషి వచ్చాడు. మా గదిలో నిలబడ్డాడు. నా చేతి టీ తాగాడు. ఇన్ని రోజులూ నేను భయపడింది తీగల్లోంచి వచ్చేవాడికి.

ఎండా మెట్టు మీద కూర్చుని ఉంది. నేను పక్కన కూర్చున్నాను. కొంచెం జరిగింది. చోటిచ్చిందో, దూరమైందో తెలియలేదు.

ఆగస్టు 17

రేవు దగ్గర, ఫోన్లన్నీ చువాంగ్ అన్న స్కూటర్ పెట్టెలో పడేసి, మాట్లాడుకున్నాం.

డబ్బా పీకేద్దాం అన్నాను. వద్దంది యూన్‌టింగ్. పీకితే హోకి తెలుస్తుంది, తెలిస్తే దొరికిన దాంతోనే పని మొదలుపెడతాడు. ఓడ వచ్చేవరకూ ఉండనిద్దాం, లాయరు చేత ఫిర్యాదు సిద్ధం చేయిద్దాం, ఈలోగా వాడు చదివే చోట మనకి కావలసింది మనం రాద్దాం.

"ఏం రాస్తాం?"

"సాక్షి పేరు. కస్మాది కాని పేరు."

నా ఒళ్ళు మండింది. ఒకణ్ణి కాపాడడానికి ఇంకొకణ్ణి బల్ల మీద పెట్టడమేనా మీ శాస్త్రం అన్నాను. ఇది బ్రోకరు లెక్క, మనిషికి మనిషిని మార్చే లెక్క.

"వాడి చేతికి అందని మనిషి పేరు అక్కా" అంది. "ఒప్పుకున్న మనిషి పేరు."

ఎండాకి అలాంటి మనిషి తెలుసు. రోహ్మత్. అదే ఓడలో పని చేసి, ఏప్రిల్‌లో సొంత ఊరెళ్ళిపోయాడు, ఇక ఓడెక్కనని ఒట్టు పెట్టుకున్నాడు. నూడుల్స్ కొట్టామె ఫోన్లోంచి మాట్లాడింది. అవతలి నవ్వు నాకూ వినబడింది.

"రాసేయమంటున్నాడు" అని ఎండా చెప్పింది. "నా పేరే రాసేయండి, ఆ కెప్టెన్ నా కోసం ఇక్కడిదాకా ఈదుకుంటూ రావాలి, వస్తే నా బాతులు పొడుస్తాయి అంటున్నాడు."

యూన్‌టింగ్ ఒక్కటే అడిగింది: "ఆయన్ని ముందు ఇంట్లోంచి కదిలించగలరా? పేరు తర్వాత రాద్దాం."

ఎండా అడిగింది. మళ్ళీ నవ్వు. బాతులకి ఎవరు మేత వేస్తారట.

చెప్పి చూద్దాంలే అన్నాను. ఓడ వచ్చే రోజు దగ్గర పడుతోంది.

ఆగస్టు 19

రాశాం. నా చేత్తోనే టైపు చేశాను. వాంగ్మూలం పక్కన రోహ్మత్ పేరు, ఊరు. నిజం పేర్ల ఫోల్డరు ఎప్పుడో చదివేసి ఉంటే ఇదంతా వృథా. చదివి ఉంటే, మేం ఆట ఆడుతున్నామని కూడా వాళ్ళకి తెలిసిపోతుంది.

రోహ్మత్ కదలలేదు. ఊళ్ళో పండగయ్యాక చూస్తానన్నాడట.

ఆగస్టు 22

తుఫాను హెచ్చరిక. ఓడలన్నీ ఎక్కడున్నాయో చూపించే పటం తెరిచి పెట్టుకున్నాను. చుక్క కదులుతోంది. చుక్కలో ఎంతమంది బతికున్నారో పటం చెప్పదు.

ఆగస్టు 23

చుక్క.

ఆగస్టు 28

ఓడ వచ్చింది.

నేనూ ఎండా నూడుల్స్ కొట్టు గుమ్మంలో నిలబడ్డాం. కూలీలు ఒక్కొక్కరే దిగుతున్నారు, నెలల తర్వాత నేల తగిలినవాళ్ళు నడిచినట్టు నడుస్తూ. నేను లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో తప్పాను. ఎండా తప్పలేదు. నా మణికట్టు పట్టుకుంది, గోళ్ళు దిగేలా.

ఎర్ర టోపీ. కస్మాది. ఎడమ చెయ్యి గుడ్డతో కట్టి ఉంది. నడుస్తున్నాడు, తన కాళ్ళ మీద తనే. మా వంక చూడలేదు, మార్చిలో ఓడెక్కేముందు చెప్పి పంపినట్టే. నేరుగా కొట్టులోకి వెళ్ళి సిమ్ కార్డు అడిగాడు. వెనక తలుపులోంచి చువాంగ్ అన్న కారెక్కేశాడు.

అప్పుడు నా భుజం వెనక గొంతు. "ఎండలో నిలబడ్డారేంటి లాయ్ అక్కా."

హో. చేతిలో వక్కల సంచి. నాకూ ఒకటి ఇవ్వబోయాడు.

"రోహ్మత్ బాగున్నాడా?" అన్నాడు. "నా నమస్కారం చెప్పండి. కూతురు పుట్టిందట కదా, ఏదైనా పంపాలి."

భయపడ్డట్టు మొహం పెట్టాలని యూన్‌టింగ్ ముందే చెప్పింది. పెట్టాల్సిన అవసరం రాలేదు. అది ఉంది.

ఆ పేరు నోట్లోంచి రాగానే కస్మాది బతికాడని అర్థమైంది. వాళ్ళు పేర్ల ఫోల్డరు చూడలేదు, మేం రాసిందే చదివారు. గుండెల్లో ఏదో విడిపోయింది. సరిగ్గా ఒక్క ఊపిరి సేపు. తర్వాత రెండో మాట వినబడింది.

కూతురి సంగతి మేం సర్వర్లో రాయలేదు. మాకే తెలియదు.

కెప్టెన్ అంత దూరం ఈదక్కర్లేదు. ఈ ఊళ్ళో బ్రోకరుకి ఆ ఊళ్ళో ఒక బ్రోకరు ఉంటాడు. మనుషుల్ని అక్కణ్ణుంచే కదా తెస్తారు. పాతికేళ్ళుగా వ్యాసాల్లో రాస్తున్నాను ఈ మాట. పెట్టుబడికి సరిహద్దు లేదు, కూలీకే ఉంది అని. నా వాక్యమే.

ఎండా రోహ్మత్‌కి ఫోన్ చేస్తోంది. ఎత్తడం లేదు.

ఎండా మళ్ళీ చేస్తోంది.

ఆగస్టు 29

ఎత్తాడు. ఈసారి నవ్వలేదు.

మొన్న ఇద్దరు మోటారు సైకిలు మీద వచ్చి, పాపని ఎత్తుకుని ముద్దు చేసి, పేరు అడిగి, బాతులు బాగున్నాయని చెప్పి వెళ్ళారట. అంతే. చెయ్యి వెయ్యలేదు. నిన్న పెళ్ళాన్నీ పాపనీ తీసుకుని బావమరిది దగ్గరికి వెళ్ళిపోయాడు. ఎక్కడికని ఎండా అడగలేదు. "నాకు తెలియకపోతే నన్నెవరూ చెప్పించలేరు కదక్కా" అంది.

బాతుల్ని వదిలేసి వెళ్ళాడట.

లాయరు ఫిర్యాదు ఇచ్చాడు, నల్ల డబ్బా పోలీసులు తీసుకెళ్ళారు. కస్మాది వాంగ్మూలం కోర్టులో మూసిన తలుపుల వెనక ఇస్తాడు. ఓడలో రైస్ కుక్కర్ దొరికింది, పాస్‌పోర్టులతో సహా. గెలిచాం అని చువాంగ్ అన్న అన్నాడు. ఎండా ఫోను చూసుకుంటోంది.

కొత్త పాకెట్ కొన్నాడు. దాని మీద నలుగురం సంతకాలు పెట్టాం. ఇక మార్చాలంటే నలుగురం ఉండాలి.

యూన్‌టింగ్ తాళంచెవులు పంచింది, మనిషికొకటి. నా మెడలో వేసుకున్నాను. పోతూ అడిగింది, అక్కా, మీరేదో రాసుకుంటూ ఉంటారు కదా, అది ఎక్కడ పెడతారు అని.

సంచిలో, అన్నాను. సంచి ఎక్కడ? కుర్చీకి తగిలిస్తాను. ఏసీ మనిషికి టీ ఇచ్చిన గదిలో.

సాయంత్రం కూర్చుని మొదటి పేజీ నుంచి చదువుకుంటూ వచ్చాను. ఓడలో ఉన్న మనిషి పేరు, బాతుల మనిషి పేరు, వాళ్ళ జిల్లా, టోపీ రంగు, అన్నీ నల్లగా కొట్టేసి వేరేవి రాశాను. ఇది ఎవరి చేతికి దొరికినా కస్మాది అనే మనిషి దొరకడు. రోహ్మత్ కూడా దొరకడు. ఎండా పేరు కూడా ఎండా కాదు.

ఎండా మీద అనుమానం లేదు అని రాసిన చోట్లు మాత్రం ముట్టుకోలేదు. అవి అలాగే ఉండనీ.